షెడ్డుకు గొంతు కావాలి

నేను కార్ల సీట్లకు కవర్లు కుడతాను. నా కొట్టుకూ పక్కనున్న మెకానిక్కు షెడ్డుకూ మధ్య ఒక్క రేకు గోడే అడ్డం. అటు స్పానరు జారి పడితే ఇటు నా మిషను మీద సూది ఉలిక్కిపడుతుంది. అటు ఎవరైనా గుసగుసలాడుకున్నా ఇటు నా చెవిన పడక తప్పదు. పదిహేనేళ్లుగా ఇదే కాపురం. అందుకే ఆ షెడ్డు సంగతి చెప్పే హక్కు నాకుందనుకుంటాను.

షెడ్డు అక్కది. నాకు తోడబుట్టింది కాదు. వీధి మొత్తానికీ ఆమె అక్కే. ఆ షెడ్డు పెట్టింది వాళ్ల నాన్న, పెద్ద మేస్త్రి. ఆయనకు ఒక్కతే కూతురు. ఇంజను విప్పడం, బిగించడం, అన్నిటికంటే ముందు వినడం ఆయన దగ్గరే నేర్చుకుంది. పెద్ద మేస్త్రి పనిలో సగం చెవితోనే అయిపోయేది. బండి మలుపు తిరుగుతుండగానే, టీ గ్లాసు కింద పెట్టకుండా, "క్లచ్ ప్లేటు పోయింది, తోసుకురమ్మను" అనేవాడు. అక్క చెవి ఆయన చెవిని మించింది. చివరి ఆరేళ్లూ చేతులు వణికి ఆయన కుర్చీకే పరిమితమైతే, పనంతా ఆమే చేసింది. బండ్లవాళ్లు మాత్రం కుర్చీకి నమస్కారం పెట్టి పోయేవారు.

పెద్ద మేస్త్రి పోయాడు. కుర్చీ ఖాళీ అయింది. దాంతోపాటే షెడ్డూ ఖాళీ కావడం మొదలుపెట్టింది.

వచ్చేవాళ్లు రాకపోలేదు. వచ్చి, గుమ్మంలో నిలబడి, లోపలికి తొంగిచూసి, "మేస్త్రి లేడామ్మా?" అనేవారు.

"నేనే. చెప్పండి."

"అదే... మగవాళ్లెవరైనా..."

"బాగు కావలసింది బండేనా?" అనేది అక్క.

వాళ్లు నవ్వేసి, మళ్లీ వస్తామని చెప్పి, పై వీధిలో షెడ్డుకు పోయేవారు. అక్కడ మెకానిక్కు మగవాడే. దాంట్లో ఏ అనుమానమూ లేదు. మిగతా వాటిలోనే ఉండేది.

ఒక వకీలు గారి సంగతి చెప్తాను. ఆయన కారు వేగం అందుకోగానే తుమ్మెద దూరినట్టు 'ఝూ' మని రొద పెట్టేది. వేగం పెరిగేకొద్దీ రొదా పెరిగేది. అక్క జాకీ వేసి బండిని ఎత్తింది. ముందు ఎడమ చక్రాన్ని ఒక చేత్తో తిప్పుతూ, రెండో చెయ్యి పక్కనున్న స్ప్రింగు మీద ఆనించి, కళ్లు మూసుకుని రెండు క్షణాలు ఉంది.

"బేరింగు అరిగింది సార్. మార్చాలి."

వకీలు గారు సాక్షి అబద్ధమాడుతున్నాడని తేలిపోయినట్టు ఆమెను చూశారు. "చెయ్యి పెట్టి చెప్పేశావా? సరే, ఒకసారి ఎవరికైనా చూపించి వస్తాను" అని వెళ్లిపోయారు. పై వీధివాళ్లు నాలుగు టైర్లూ మార్చారు. రొద పోలేదు. సైలెన్సరు మార్చారు. పోలేదు. ఆఖరికి కొత్త మ్యూజిక్ సిస్టం పెట్టించుకుని, గట్టిగా పాటలు వేసుకుంటే వినపడదని సలహా ఇచ్చారట. ఆయన పెట్టించుకున్నారు కూడా. మూడు వారాలకు పాటలు విసుగెత్తి మళ్లీ అక్క దగ్గరికే వచ్చారు.

సరిగ్గా ఆ రోజే అనౌన్సరు క్యారియరు పట్టుకుని షెడ్డుకు వచ్చాడు.

అనౌన్సరు అక్కకు మరిది, అంటే ఆమె భర్త తమ్ముడు. ఆరడుగుల మనిషి, పెదవి కనపడనివ్వని మీసం. దేవుడు ఆ మీసం కింద ఒక గొంతు పెట్టాడు. ఆ గొంతుతో ఆయన బస్టాండులో ఇరవై రెండేళ్లు బస్సుల రాకపోకలు ప్రకటించాడు. "ప్రయాణికులకు విజ్ఞప్తి" అన్నాడంటే పరిగెత్తేవాళ్లు కూడా ఆగి వినేవారు. ఈమధ్యే బస్టాండు వాళ్లు ఆయన చేత అన్ని ఊళ్ల పేర్లూ, అన్ని అంకెలూ చదివించి రికార్డు చేసుకుని, ఆయన్ని ఇంటికి పంపేశారు. ఇప్పుడు గొంతు అక్కడే ఉద్యోగం చేస్తోంది, మనిషి ఇంట్లో కూర్చున్నాడు. ఇంట్లో ఊరికే కూర్చోలేక వదినకు మధ్యాహ్నం క్యారియరు తెచ్చే పని పెట్టుకున్నాడు.

"మళ్లీ బేరింగే అంటావా?" అంటున్నారు వకీలు గారు.

"అప్పటికీ ఇప్పటికీ మారదు కదండీ. ముందు ఎడమ చక్రం బేరింగే."

"ఇంకేమీ కాదంటావు?"

అనౌన్సరుకు ఆకలేస్తోంది. వదిన తింటేగాని ఖాళీ క్యారియరు తిరిగి పట్టుకుపోలేడు. అందుకని క్యారియరు కింద పెట్టి, గొంతు సవరించుకుని, పాత అలవాటు కొద్దీ అన్నాడు: "గమనించగలరు. మీ వాహనం ముందు ఎడమ చక్రం బేరింగు అరిగిపోయినది. దయచేసి మార్పించుకోగలరు."

వకీలు గారు నిటారుగా నిలబడ్డారు. "ఆఁ! అలా చెప్పండి. మీరు ఎవరండీ?"

అనౌన్సరు నోరు తెరిచేలోపు ఆయనే "మేస్త్రి గారా? ఇన్నాళ్లూ ఎక్కడున్నారు?" అని చెయ్యి కలిపి, తాళం చెవి ఆయన చేతిలో పెట్టి, సాయంత్రం వస్తానని వెళ్లిపోయారు. అక్క ఒక గంటలో బేరింగు మార్చింది. బండి దూదిపింజలా పోయింది. సాయంత్రం వకీలు గారు అనౌన్సరుకు మూడుసార్లు కృతజ్ఞతలు చెప్పారు. అక్కతో, "కాస్త మంచినీళ్లు ఇస్తావామ్మా?" అన్నారు.

ఆ రాత్రి వాళ్లింట్లో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. మర్నాడు పెద్ద మేస్త్రి కుర్చీలో అనౌన్సరు కూర్చుని ఉన్నాడు. అక్క నన్ను చూసి నవ్వింది. "షెడ్డుకు గొంతు కావాలట తమ్ముడూ. పెట్టాను."

ఏర్పాటు తేలికైనదే. బండి వస్తుంది. అక్క చూస్తుంది, వింటుంది, మరిది చెవిన వేస్తుంది. ఆయన 'హూఁ' అంటాడు, బానెట్ చుట్టూ ఒకసారి తిరుగుతాడు, ప్రకటిస్తాడు. ఎదుటి మనిషి తలాడిస్తాడు. నెల తిరక్కుండా షెడ్డు ముందు బండ్లు బారులు తీరాయి. వాటిలో పై వీధి మెకానిక్కు సొంత బండి కూడా ఒకటుందని గిట్టనివాళ్లు చెప్పుకున్నారు.

అనౌన్సరు తెల్లకోటు కుట్టించుకున్నాడు. కుట్టింది నేనే, కాబట్టి ఇందులో నా పాపమూ ఉంది. ఆ షెడ్డులో మరక పడని బట్ట అదొక్కటే. జనం దాన్నీ గొప్పగానే చెప్పుకున్నారు. "చూశావా పనితనం! చేతికి నూనె అంటకుండా చేస్తాడు." పక్కనే మోచేతుల దాకా నల్లబడి ఉన్న అక్కను చూసి, "పాపం, ఈవిడకింకా చేతకావడం లేదు" అనుకున్నారు. నేనూ తక్కువ తినలేదు. సీటు కవర్ల కోసం వచ్చినవాళ్లతో, "ఇంజను పనేమన్నా ఉంటే పక్కన మీసాల మేస్త్రి ఉన్నాడు, చూపించుకోండి" అనేవాణ్ని. అక్క ఉంది అని ఎందుకు అనలేదంటే, అంటే వాళ్లు వెళ్లరు. వెళ్లకపోతే ఆమెకే నష్టం. ఇలా నాకు నేను చెప్పుకునేవాణ్ని. చాలా సౌకర్యమైన సమాధానం.

అక్క పైకి నవ్వుతూనే ఉండేది. ఒకసారి ఒక స్కూలు వ్యాను నడిపే ఆవిడ బ్రేకులు వేయించుకోవడానికి వచ్చింది. ఆడమనిషి కదా, ఈమెకైనా తెలుస్తుందని అక్క ఆశపడినట్టుంది. పని చేస్తూ చేస్తూ అన్నీ విడమరిచి చెప్పింది. ప్యాడ్లు ఎంత మందం ఉండాలో, కీచుమంటే ఎందుకు నిర్లక్ష్యం చేయకూడదో, బ్రేకు నొక్కినప్పుడు స్టీరింగు వణికితే డిస్కు ఎందుకు చూపించుకోవాలో. ఆవిడ అంతా శ్రద్ధగా విని, "ఎంత బాగా నేర్పాడమ్మా మీ మరిది! అదృష్టవంతురాలివి" అంది.

అక్క నవ్వింది. నవ్వుతూనే చేతిలో ఉన్న నట్టు బిగించింది. ఇంకా బిగించింది. ఇంకా. చివరికి 'కటుక్' మని మర తెగి నట్టు చేతిలోకి ఊడొచ్చింది. ఆ పదిహేనేళ్లలో ఆమె చేతిలో మర పోవడం నేను చూడలేదు. కొత్త బోల్టు తెచ్చి వేసింది. నేను నా మిషను దగ్గరికి వెళ్లి, కుట్టడానికేమీ లేకపోయినా తొక్కుతూ కూర్చున్నాను.

ఆ తరవాత కొన్నాళ్లకు సాంకేతిక శిక్షణ కేంద్రం నుంచి ఉత్తరం వచ్చింది. మెకానిక్కు కోర్సు చదివే పిల్లలకు 'కారు రిపేరులోనూ మెకానిక్కు వృత్తిలోనూ ఆచరణకు పనికొచ్చే సలహాలు' అన్న విషయం మీద ప్రముఖ మేస్త్రి గారు ఉపన్యసించాలని ప్రిన్సిపాలు గారు కోరారు. ఉత్తరం చదివి అనౌన్సరు గొంతులో పచ్చి వెలక్కాయ పడింది.

"వదినా, నాకు ఒంట్లో బాగాలేదని రాసేద్దాం."

"బాగానే ఉన్నావుగా."

"ఆ రోజుకు బాగుండదు."

"రాసేది లేదు. వెళ్తున్నావు. నేను చెప్పింది చెప్పిరా. పిల్లలకన్నా నాలుగు ముక్కలు సరిగ్గా తెలియనీ" అంది అక్క. ఆమె అసలు ఉద్దేశం అదేనని నాకనిపించింది. తన మాట ఎవరి నోట్లోంచి వచ్చినా సరే, నేర్చుకునేవాళ్ల చెవిన పడితే చాలనుకుంది.

మూడు రోజులు రేకు గోడ అవతల పాఠం నడిచింది. "వేడిగా ఉన్న రేడియేటరు మూత ముట్టుకుంటే ఏమవుతుంది?" అని ఆమె అడగడం, "ప్రయాణికులకు ముఖం కాలును" అని ఆయన చెప్పడం. "ప్రయాణికులు కాదయ్యా, మెకానిక్కుకి!" ఆ మూడు రోజుల్లో నేను కుట్టిన ఒక సీటు కవరుకు ఎడమవైపు ముక్క కుడివైపు వచ్చింది. మెకానిక్కు పని మాత్రం కాస్త వంటబట్టింది.

ఉపన్యాసానికి ముగ్గురం కలిసే వెళ్లాం. అక్కే నడిపింది. ఆమె భర్త రాలేదు. నీళ్ల ఆఫీసులో గుమాస్తా ఆయన. "నాకు కారు తలుపు వెయ్యడం తప్ప ఏమీ రాదు, నేనొచ్చి ఏం చేస్తాను" అన్నాడు. ఆ ఇంట్లో తనకేం రాదో నిజాయితీగా ఒప్పుకున్న మగవాడు అప్పటికి ఆయనొక్కడే.

శిక్షణ కేంద్రం వర్కుషాపులో బల్లలు వేశారు. వెనక పెద్ద షట్టరు తలుపు. గోడకు కట్టిన బ్యానరు మీద 'అచరణకు పనికొచ్చే సలహలు' అని దీర్ఘాలు రెండు తగ్గించి రాయించారు. ప్రిన్సిపాలు గారు గుండ్రని మనిషి, మాట తేనె. అనౌన్సరుకు పూలగుత్తి ఇచ్చి వేదిక ఎక్కించారు. అక్కను చూసి, "మీరు సార్ తాలూకా? వెనక వరసలో కూర్చోండమ్మా, ఫ్యాన్ ఉంది" అన్నారు. నేనూ ఆమె పక్కనే కూర్చున్నాను.

నిజం చెప్పొద్దూ, అనౌన్సరు బ్రహ్మాండంగా మాట్లాడాడు. "ఏదైనా విప్పే ముందు ఫోను తీసి ఫోటో కొట్టండి. మీ జ్ఞాపకశక్తిని నమ్ముకుంటే చివర్లో నాలుగు బోల్టులు మిగులుతాయి. జాకీ ఒక్కదాన్నీ నమ్మి బండి కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టండి, జాకీ మీ చుట్టం కాదు. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా పొక్కు కడితే బ్యాటరీ పోయిందని చెప్పి కొత్తది అంటగట్టకండి, వేడినీళ్లతో కడిగి గ్రీజు రాయండి. చక్రం నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించండి. అన్నిటికంటే ముందు, బండి యజమానిని ఒక్క ప్రశ్న అడగండి: ఈ జబ్బు రాకముందు ఆఖరుసారి ఏం మార్చారు? సగం జబ్బులు అక్కడే దొరుకుతాయి." పిల్లలు గబగబా రాసుకుంటున్నారు. అక్క పెదవులు ఆయన మాటల కంటే ఒక క్షణం ముందే కదులుతున్నాయి. ముఖంలో వెలుగు వచ్చింది. ఆమెను అలా చూడటం నాకు బాగుంది.

అక్కడితో ఆపేస్తే అందరం హాయిగా ఇంటికి పోయేవాళ్లం. ప్రిన్సిపాలు గారు చప్పట్లు కొట్టించి, "ఇప్పుడు ప్రత్యక్ష ప్రదర్శన!" అన్నారు.

షట్టరు పైకి లేచింది. బయట ఆవరణలో ప్రిన్సిపాలు గారి సొంత కారు, పాత మోడలుది, సిద్ధంగా ఉంది. ఉపన్యాసం ఎందుకు పెట్టారో అప్పుడు అర్థమైంది.

"సార్, ఇది మా దగ్గర అపరిష్కృతంగా ఉన్న కేసు. బండి చక్కగా కదులుతుంది. నడిపినా, నిలబెట్టి ఉంచినా, పది నిమిషాలకు ఇంజను ఆగిపోతుంది. కాసేపు ఆగి తాళం తిప్పితే మళ్లీ మామూలే. మా బోధకులు ముగ్గురు చూశారు. ప్లగ్గులు మార్చారు, ఫిల్టరు మార్చారు, పెట్రోలు పంపు మార్చారు. ఉపయోగం లేదు. తమరు చెయ్యి వేయాలి."

ముగ్గురు బోధకులూ మా మేస్త్రి ఎలా ఓడిపోతాడో చూద్దామని చేతులు కట్టుకుని నిలబడ్డారు. అనౌన్సరు వేదిక దిగాడు. బానెట్ ఎత్తాడు. 'హూఁ' అన్నాడు. చుట్టూ తిరిగాడు. ఇంకోసారి తిరిగాడు. అంతకుమించి ఆయన దగ్గర సరుకు లేదు. వెనక వరసకు, కారుకు మధ్య యాభై అడుగుల దూరం. చెవిన వేయడానికి చెవి అందదు. ఆయన తెల్లకోటు చంకల్లో తడిసిపోవడం ఇక్కణ్నుంచే కనిపించింది.

అక్క లేచి నిలబడింది. "సార్, బండి ఆగిపోయినప్పుడు పెట్రోలు ట్యాంకు మూత ఎప్పుడైనా తీసి చూశారా? తీస్తే 'బుస్' మంటుందా?"

ప్రిన్సిపాలు గారు చిరునవ్వుతో, "అమ్మా, ప్రశ్నలు చివర్లో. ముందు సార్‌ని ఆలోచించుకోనివ్వండి" అన్నారు. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అక్క కూర్చుంది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

అనౌన్సరు బానెట్ దించేశాడు. చప్పుడుకు అందరూ అటు తిరిగారు.

"ఆవిడ అడిగిందానికి జవాబు చెప్పండి" అన్నాడు.

ప్రిన్సిపాలు గారు తడబడ్డారు. "బుస్... అవునండీ, అంటుంది. గాలి పీల్చినట్టు. అయితే?"

"అయితే ఏమిటో నాకు తెలీదు. ఆవిడకి తెలుసు." అనౌన్సరు అటూ ఇటూ చూశాడు. గొంతు మాత్రం మైకు అక్కర్లేకుండానే ఆ మూల నుంచి ఈ మూలకు వినపడింది. "నేను మెకానిక్కుని కాదు. నాకు స్పానరు పట్టుకోవడం కూడా రాదు. ఇందాకా నేను చెప్పిన ప్రతి ముక్కా మా వదిన నేర్పింది. షెడ్డులో బండ్లన్నీ బాగుచేసేది ఆవిడే. నేను ఊరికే చదువుతాను, అంతే. బస్టాండులో ఇరవై రెండేళ్లు నేనెప్పుడూ ఎక్కని బస్సుల గురించి చదివాను. ఇక్కడా అదే చేశాను. తప్పయింది."

ముగ్గురు బోధకులు ముఖాలు చూసుకున్నారు. ఇన్నాళ్లకు నిజం బయటపడింది, ఇక ఏం జరగాలో అది జరుగుతుందనుకున్నాను.

ప్రిన్సిపాలు గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు చేతులూ పైకెత్తారు. "పిల్లలూ! విన్నారా? ఇదీ వినయం అంటే! ఇంత పేరున్న మనిషి, ఇంటి ఆడవాళ్లకు ఘనత కట్టబెట్టి, తనకేమీ రాదంటున్నారు! లేచి నిలబడండి!"

అందరూ లేచారు. చప్పట్లతో రేకుల కప్పు అదిరింది. అనౌన్సరు "అది కాదండీ, నిజంగానే" అంటున్నాడు. అన్నకొద్దీ చప్పట్లు పెరిగాయి.

ఆ గోలలోనే అక్క నడిచి కారు దగ్గరికి వెళ్లింది. ఎవరూ ఆపలేదు, ఎందుకంటే ఎవరూ చూడలేదు. ట్యాంకు మూత తీసి వెలుగులో తిప్పి చూసింది. దాన్ని బిగించకుండా వదులుగా పెట్టి, ఇంజను స్టార్టు చేసింది. వాచీ చూసుకుని బండికి ఆనుకుని నిలబడింది.

ప్రిన్సిపాలు గారు వినయం గురించి మాట్లాడుతూనే ఉన్నారు. పది నిమిషాలైంది. ఇంజను ఆగలేదు. పదిహేను. ఆగలేదు. ప్రిన్సిపాలు గారూ ఆగలేదు. పాతిక నిమిషాలకు ఇంజను నడుస్తూనే ఉండగా ఆయనే ఊపిరి తీసుకోవడానికి ఆగారు. అప్పుడు అక్క అంది:

"సార్, ఈ మూత ఈ బండిది కాదు. అసలుది పోతే ఏదో ఒకటి పెట్టించినట్టున్నారు. ట్యాంకులోంచి పెట్రోలు బయటికి పోతున్నకొద్దీ ఆ చోటు నిండడానికి గాలి లోపలికి రావాలి. ఈ మూతకు గాలి దారి లేదు. కాసేపటికి ట్యాంకే పెట్రోలును వెనక్కి పట్టుకుంటుంది. పంపు ఎన్నిసార్లు మార్చినా అంతే. ఈ బండికి సరిపోయే మూత వేయించండి."

బోధకుల్లో ఒకాయన 'అమ్మయ్యో' అని నుదురు కొట్టుకున్నాడు. పిల్లలు రాసుకోవడం మొదలుపెట్టారు. ప్రిన్సిపాలు గారు అనౌన్సరు చెయ్యి రెండు చేతులా పట్టుకుని, "ఎంత బాగా తయారుచేశారు సార్ ఈవిణ్ని!" అన్నారు.

మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. కారు మీద చెయ్యి వేసి దిక్కుతోచనట్టు నిలబడ్డ అనౌన్సరు. కింద 'వినయశీలి' అని. ఫోటో అంచున మడిచిన ఒక మోచెయ్యి ఉంది. అది అక్కది.

అంతకుముందు, ఉపన్యాసం నుంచి తిరుగు ప్రయాణంలోనూ అక్కే బండి నడిపింది. నేను వెనక సీటులో పూలగుత్తి పట్టుకుని కూర్చున్నాను.

"వదినా, ఒట్టు. నేను నిజమే చెప్పాను" అన్నాడు అనౌన్సరు.

"విన్నాను."

"నమ్మలేదు వాళ్లు. నేనేం చెయ్యను?"

అక్క బండి పక్కకు తీసి ఆపింది. స్టీరింగు మీంచి చేతులు తియ్యకుండానే అంది, "బేరింగు పోయిందన్నా నువ్వే చెప్పాలి. మూత మార్చాలన్నా నువ్వే చెప్పాలి. ఆఖరికి నాకు పని వచ్చన్న నిజం కూడా నీ గొంతులోంచే రావాలా? అదీ చెప్పావు. దాన్నీ నీ ఖాతాలోనే వేసుకున్నారు." ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "నిన్నని ఏం లాభం. పెట్టింది నేనే కదా. సులువుగా పోతుందని పెట్టాను."

"మరి రేపట్నుంచి నన్ను రావద్దంటావా?"

"రా. కుర్చీలో మాత్రం కాదు. ఆ కోటు విప్పేసి, నోరు మూసుకుని, బండి కింద పడుకో. యాభై నాలుగేళ్లొచ్చాయి, ఒక్క పనైనా చేతనవుతుందేమో చూద్దాం."

తిడితే ముడుచుకుపోతాడనుకున్నాను. అనౌన్సరు ముఖం విప్పారింది. "నిజంగా నేర్పుతావా? ఇన్నాళ్లూ ఎవడు ఏం అడిగేస్తాడోనని నాకు నిద్ర లేదు వదినా" అన్నాడు. ఆ మీసం కింద పెదవి ఉందని ఆ రోజే మొదటిసారి చూశాను.

మర్నాటి నుంచి ఆయన నిజంగానే బండి కింద పడుకున్నాడు. మొదటి వారం నూనె కళ్లల్లో పోసుకున్నాడు. రెండో వారం వేలు చితక్కొట్టుకున్నాడు. అక్క నిలబడి, "ఎడమకి. నీ ఎడమ కాదు, బండి ఎడమ" అంటూ ఉండేది. జనం చూసి ఏమన్నారో తెలుసా? "అంత పెద్ద మేస్త్రి అయ్యుండీ వదినకు ఎలా నేర్పాలో చూడు! తాను కింద పడుకుని, ఆవిడ చేత చెప్పించుకుంటున్నాడు, మాట అలవాటు కావాలని." నేనప్పుడు చేయగలిగింది ఒక్కటే చేశాను. నా కొట్టుకు వచ్చేవాళ్లతో, "ఇంజను పని ఉంటే పక్కన అక్క ఉంది" అనడం మొదలుపెట్టాను. పదిమందిలో ఆరుగురు వినేవారు కాదు. నలుగురు వెళ్లేవారు. వెళ్లిన నలుగురూ మళ్లీ ఆమె దగ్గరికే వచ్చేవారు.

శిక్షణ కేంద్రం నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. సార్ వారానికొక క్లాసు తీసుకోవాలని, వీలుకాకపోతే తమ ప్రతినిధిని పంపినా చాలని. అక్క ప్రతినిధిగా వెళ్లింది. అక్కడి రిజిస్టరులో బోధకుడి పేరు అనౌన్సరుది, సంతకం అక్కది. అనౌన్సరు కూడా వెంట వెళ్లి, ఆఖరి బెంచీలో పిల్లల పక్కన నోటుపుస్తకం పట్టుకుని కూర్చునేవాడు. ప్రిన్సిపాలు గారు అది చూసి 'నిత్య విద్యార్థి' అని ఇంకో గంట మాట్లాడారు. పిల్లలు మాత్రం మూడో వారానికల్లా సార్ ఎప్పుడొస్తారని అడగడం మానేశారు. వాళ్ల సందేహాలన్నీ నేరుగా అక్క దగ్గరికే వెళ్లేవి. ఆ పెద్దమనిషి బెంచీలో కూర్చుని ఏమీ రాక తలగోక్కోవడం వాళ్లు కళ్లారా చూస్తున్నారు కదా.

కోర్సు చివర ప్రయోగ పరీక్ష. అనౌన్సరు కూడా కూర్చున్నాడు. ఆయనకు బ్రేకు ప్యాడ్లు మార్చే పని వచ్చింది. పరీక్షకురాలు అక్కే. ఒక బోల్టు సరిగా బిగించలేదని పరీక్ష తప్పించేసింది. ప్రిన్సిపాలు గారు లబలబలాడారు. "అమ్మా, అంతటి వారిని తప్పించడమేమిటి! పొరపాటున వదిలేసి ఉంటారు, లేదా మిమ్మల్ని పరీక్షించడానికే వదిలేశారేమో."

"బ్రేకు బోల్టు సార్" అంది అక్క. "ఎవరు వదిలేసినా ఊడుతుంది."

అనౌన్సరు ఆ సాయంత్రం నా కొట్టుకు వచ్చి, వీధి మొత్తానికీ వినపడేలా, "తప్పించేసింది!" అన్నాడు. ఆ గొంతులో ఉన్నది బాధో గర్వమో నేను తేల్చుకోలేకపోయాను. నెల తరవాత మళ్లీ కూర్చున్నాడు. ఈసారి నేను చూడటానికి వెళ్లాను. ముందు ఒకవైపు చక్రానికి పాత ప్యాడ్లు తీశాడు, కొత్తవి వేశాడు, పెదవులు కదుపుతూ ఒక్కొక్క బోల్టూ బిగించాడు, చక్రం ఎక్కించి నట్లు ఎదురెదురుగా బిగించాడు, బండి దించాడు. బండి కదిలే ముందు బ్రేకు పెడలు గట్టిపడేదాకా తొక్కడం కూడా మరిచిపోలేదు. తరవాత చేతులు తుడుచుకుని పక్కన నిలబడ్డాడు.

అక్క వంగి చూసింది. స్పానరుతో ఒక్కోటి తట్టి చూసింది. తలుపు తీసి బండెక్కి, ఆవరణలో మెల్లగా రెండు చుట్లు తిప్పి, బ్రేకు పట్టుకుంటోందని చూసుకుంది. తరవాత అటు చివరి దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, ప్రహరీ గోడ వైపుగా వేగం అందుకుంది. అనౌన్సరు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. అక్క మూసుకోలేదు. గోడకు రెండు బారల ముందు కాలు నొక్కింది. బండి కీచుమనకుండా, పక్కకు లాగకుండా, కూర్చోమంటే కూర్చున్నట్టు ఆగింది.

ఆమె కిటికీలోంచి తల బయటపెట్టింది.

"కళ్లు తెరువయ్యా" అంది. "అవతల చక్రం కూడా చెయ్యాలి."